మూడో కన్నం వెనక

అక్కా,

నీ కూతురు చుట్టపుచూపుగా వచ్చిందనుకున్నాను. కాఫీ అయినా తాగకుండా టెస్టరు తీసి, ఈ పాత ఇంటి ప్లగ్గులన్నీ చూసింది.

"పిన్నీ, ఈ మూడో కన్నం ఉత్త అలంకారం. వెనక ఎర్త్ వైరే లేదు. అది లాగడానికి మళ్లీ వస్తాను. అందాకా, కరెంటు లీకైతే చటుక్కున ఆపేసే స్విచ్చి పెడతాను," అని మెయిన్ బోర్డులో బిగించి వెళ్లింది.

నిన్న మా అత్తగారు తడిచేత్తో వాషింగ్ మెషీన్ ముట్టుకున్నారు. టక్కున ఇల్లంతా కరెంటు పోయింది. "చురుక్కుమందేమిటే!" అని ఆవిడ చెయ్యి దులుపుకున్నారు, అంతే. మెషీన్‌లో వైరు ఊడి రేకుకి తగిలిందట. మీ మరిది చాలాసేపు వాళ్లమ్మ చెయ్యి వదల్లేదు.

ఆడపిల్లకి కరెంటు పనేమిటని ఆనాడు నీతో పోట్లాడింది నేనే. దాని ముందు ఆ తప్పు ఒప్పుకోవాలి. ఆదివారం పంపించు.

నీ చెల్లి