అల్మారాలో పట్టని బండ

అల్వాల్

ప్రభుదాస్ అన్నయ్యకి, డోరా వదినకి మా ఇద్దరి వందనాలు.

నువ్వు పంపిన బండ ఇప్పుడే క్షేమంగా చేరింది. కానీ అన్నయ్యా, నేనడిగింది గ్యాస్ బండ కాదు!

"బండలు దొరక్క ఇంట్లో పనంతా ఆగిపోయింది, ఎలాగైనా పంపించు" అని రాస్తే, వంటపని అనుకున్నావా? కొత్తింట్లో గోడ అల్మారాలకి అరలు వేయాలి. ఆయనేమో చెక్క అంటారు. అద్దె ఇంట్లో చౌక చెక్క అర వానకి పూరీలా ఉబ్బింది, ఆయన పెళ్లి సూటు చెదలపాలైంది, అయినా చెక్కేనట! కడప బండైతే చవక, చెమ్మకి ఉబ్బదు, చెదలకి కొరుకుడు పడదు అని పోట్లాడి ఒప్పించాను. మీ చర్చిలో దేవసహాయంగారికి బండల దుకాణం ఉందనే నీకు రాశాను.

ఆటోలోంచి దిగినదాన్ని చూసి మేస్త్రీ పర్వతాలు, "ఏందమ్మా, గిది అల్మారల ఎట్ల వడ్తది?" అన్నాడు. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నారు. శనివారంలోగా బండలు రాకపోతే చెక్కే వేయిస్తారట.

తిడదామనే కలం పట్టాను. కానీ అది మీ పొయ్యి దగ్గర్నించి ఊడదీసిందేననీ, వదిన కిరసనాయిలు స్టవ్వు మీద వండుతోందనీ ఆటో అతను చెప్పాడు. ఇంక నిన్నేం తిట్టను?

ఈ ఉత్తరంతోపాటే వదిన బండ వదినకి పంపేస్తున్నాను. ఈసారి వెలిగించుకునేది వద్దు అన్నయ్యా, చీరలు పెట్టుకునేది పంపు.

నీ చెల్లెలు