ఆ రోడ్డున ఎవరూ నడవరన్నావు

తమ్ముడూ టిపెనె,

నువ్వు ఫోను ఎత్తడం లేదని ఈ ఉత్తరం నీ కూతురి చేతికిచ్చి పంపుతున్నా. 'ఏ ముఖం పెట్టుకుని వచ్చేది?' అన్నావట. ఉన్న ముఖంతోనే రా.

మీ బావ మన తెగవాళ్ళంతా కూడే మరాయెలో, పెద్దల మందిరంలో ఉన్నాడు. శవపెట్టె మూత ఇంకా వేయలేదు. మన పద్ధతి నీకు తెలిసిందేగా, వచ్చినవాళ్ళంతా ఆయన ఎదుట నిలబడి తిట్టాల్సింది తిడుతున్నారు, ఏడవాల్సింది ఏడుస్తున్నారు. నువ్వూ ఆయనతోనే మాట్లాడాలి.

నువ్వు కట్టించిన కొత్త ఇళ్ళ దగ్గర కాలిబాట వేయడానికి ఊరి కౌన్సిల్ నిన్ను రుసుము అడిగితే కోర్టుకెక్కావు. 'ఇక్కడ అందరికీ కార్లున్నాయి, ఆ రోడ్డున ఎవరూ నడవరు' అని నీ లాయరు వాదించాడు. గెలిచావు. ఆ ఇళ్ళలోనే కాపురమున్న మీ బావ, 'మా బావమరిది కౌన్సిల్‌నే ఓడించాడ్రా!' అని ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు.

మొన్న మా కారు కదల్లేదు. చిలగడదుంపల సంచి భుజాన వేసుకుని మరాయె వంటింటికి నడిచే బయల్దేరాడు. లారీ మీదికొస్తే తప్పుకోవడానికి అడుగు చోటు లేకపోయింది.

రేపు మట్టి చేస్తాం. నీ ఇళ్ళ దగ్గరే కారు వదిలేసి, ఆ రోడ్డున నడిచి రా. వచ్చి, ఎవరూ నడవరన్న మాట ఆయన ముఖం మీదే చెప్పు.

వద్దులే, టిపెనె. గేటు దాకా కార్లోనే రా. లారీలు ఇంకా అలాగే తిరుగుతున్నాయి.

అక్క