అందరం ఆమేన్ అన్నాం

పాస్టరయ్య గారికి, చర్చి తలుపులు తీసే తాత రాసుకునే వందనాలు.

డాక్టరుగారు మిమ్మల్ని ఆరు నెలలు విశ్రాంతి తీసుకోమన్నారట. మీ బదులు వచ్చినాయన వాక్యం బాగానే చెబుతారు కానీ, ఏడవరు. ఆ రోజు మీరు మైకు పట్టుకుని, "ఇక నా వల్ల కాదు ప్రభువా" అని వెక్కి వెక్కి ఏడిస్తే, ఆత్మ దిగివచ్చిందని అందరం ఆమేన్ అన్నాం. అలాంటి ఆరాధన మళ్ళీ జరగలేదు.

వచ్చే ఆదివారం మిమ్మల్ని రప్పించమని సంఘ పెద్దలు నాతో అన్నారు. ఒంట్లో బాగోలేని మనిషి గదా అన్నాను. "ఆయనకి కాదనడం చేతకాదులే, ఉత్తరం రాయి తాతా" అన్నారు.

తలుపులు పెందలాడే తీసి ఉంచుతాను, రండి. ఏడుపు ఆగడానికి డాక్టరిచ్చిన బిళ్లలు మాత్రం ఆ పూట వేసుకోవద్దన్నారు పెద్దలు.