చెరుకాకు గీతలు

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. కుస్తీలో పతకం గెలిచిన ఎడపల్లి లావణ్య ఇవాళ ఫోటో దిగడానికి మన స్టూడియోకి వచ్చింది. చేతులు పైకెత్తి నిలబడితే, చెరుకు కొట్టేటప్పుడు ఆకులు కోసిన గీతలు మోచేతుల దాకా కనిపించాయి.

ఆమెకు ఫ్లెక్సీ వేయిస్తున్న పెద్దమనిషి నాతో, "ఫోటోల చేతులు సాఫ్ చెయ్యమ్మా, మంచిగ కనవడాలె" అన్నాడు.

"గవి తీసేస్తే గా చేతులు నావెట్లయితయ్ అక్కా?" అంది లావణ్య.

ఫోటోల్లో పెళ్లికూతుళ్ల మచ్చలన్నీ తుడిచి పంపినవాడివి నువ్వు. నీ బిడ్డనైన నాకూ అదే నేర్పావు.

"గిట్లనే ఇస్త సార్. వద్దంటే ఇంకో స్టూడియోకు పోండ్రి" అన్నాను. గొణుక్కుంటూనే ఫోటో తీసుకుపోయాడు.

సాయంత్రానికి ఫ్లెక్సీ బోధన్ బస్టాండు ముందు లేచింది. పతకం కన్నా ముందు ఆ గీతలే కనిపిస్తున్నాయి.

నువ్వుంటే కోప్పడేవాడివి. కోప్పడు బాపూ, నేను తుడవను.