సీమ కాసు

శ్రావణ శుక్రవారం, రాత్రి. నిడదవోలు.

అన్నయ్య కొట్లో గల్లాపెట్టె మీద ముప్పై ఏళ్లుగా పూజలందుకుంటున్న సీమ కాసు నిజరూపం ఇవాళ బయటపడింది. నాన్న పోయేముందు దాన్ని ఇంగ్లండు బంగారు నాణెమని చెప్పి అన్నయ్య చేతిలోనే పెట్టాడు. కడిగితే లక్ష్మి వెళ్లిపోతుందని అన్నయ్యా వదినా ఎన్నడూ కడగలేదు. ప్రతి శుక్రవారం పసుపు మీద పసుపు మెత్తారు. ఆ సంగతి తెలియని కొత్త కోడలు పొద్దున దాన్ని చింతపండు పెట్టి తోమేసింది. ఇంగ్లీషు అక్షరాలు తేలాయి. అప్పుడు ఇంగ్లీషు చదువుకున్న నేను గుర్తొచ్చాను, అన్నయ్య కొట్టుకు పిలిపించాడు.

"బంగారం ఎలా మెరుస్తోందో చూడరా! ఏ రాజుదో చెప్పు," అన్నాడు, బేరానికొచ్చిన వాళ్లందరికీ వినబడేలా.

ఒక పక్క రాజు తల ఉంది. రెండో పక్క 'గడిచిన మంచి రోజుల జ్ఞాపకార్థం' అని ఇంగ్లీషులో ఉంది. ఏ ప్రభుత్వమూ నాణెం మీద అలా రాయదు. ఇలాంటి వాటి గురించి ఎప్పుడో చదివాను.

"రాజుది కాదు అన్నయ్యా, పేకాటది. సీమలో పందేనికి డబ్బు బదులు పెట్టుకునే ఇత్తడి బిళ్ల. ఇన్నేళ్లూ నువ్వు హారతిచ్చింది దీనికే."

ఎవరో కిసుక్కున నవ్వారు. నా ప్రాణం లేచి వచ్చింది. వదిన మొహం తిప్పుకుంది. అన్నయ్య మాత్రం తొణకలేదు. బిళ్లను పంచెకు తుడిచి, మళ్లీ పసుపు అద్దాడు.

"ఇత్తడైతే ఏంట్రా? నాన్న నాకిచ్చాడు. నీకు ఆ ఇత్తడి కూడా ఇవ్వలేదు కదా."

చెప్పులేసుకుని వచ్చేశాను. నాన్న దాన్ని బంగారమే అనుకుని అన్నయ్యకిచ్చాడు, నాకు కాదు.