పక్కన పడుకునే మనిషి

బుధవారం, రాత్రి

ఫ్యాక్టరీలో జీడిపప్పు ఏరుతూ వారమంతా కునుకుతూనే ఉన్నాను. మా ఉద్దానంలో ఒంట్లో నలతంటే ముందు కిడ్నీ పరీక్షే. నా మొగుణ్ణి పొట్టన పెట్టుకున్నది ఆ జబ్బే కదా. ఈరోజు టెక్కలి ఆసుపత్రిలో రిపోర్టు బాగుందనగానే తోడొచ్చిన మా తోడికోడలు లేచి నిలబడింది.

"కిడ్నీ బాగుంటే ఇంకేటి బయమప్పా నీకు? పద, బస్సెల్లిపోతాది."

డాక్టరమ్మ మాత్రం కూర్చోమంది. బీపీ ఎక్కువుందట. గురక పెడతావా, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుందా అని అడిగింది. అలా అయితే గుండెకి చేటట.

"నిద్దట్లో నాకెలా తెలుత్తాదమ్మా?" అన్నాను.

"పక్కన పడుకునేవాళ్ళని అడిగి చెప్పు" అంది.

ఎవరిని అడగను?

ఆయనున్నప్పుడు రాత్రుళ్ళు నా భుజం పట్టుకుని కుదిపేవాడు. "పక్కకి తిరిగి తొంగోయే" అనేవాడు. నా గురకకి విసుక్కుంటున్నాడనుకుని కసిరేదాన్ని. డయాలసిస్ చేయించుకుని నీరసంగా వచ్చిన రాత్రి కూడా కుదిపాడు. అంటే తను మెలకువగా ఉండి నా ఊపిరి వింటున్నాడన్నమాట.

విశాఖలో నిద్ర పరీక్ష చేస్తారట. వెళ్తాను. ఈ రాత్రికి గోడవైపు తిరిగి పడుకుంటాను. నిద్రలో మళ్ళీ వెల్లకిలా తిరిగితే...