స్వేచ్ఛ మీద సభ

నేస్తం సుజాతా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వుంటే ఇవాళ తిరుపతిలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి పరిగెత్తుకొచ్చేదానివి. స్వేచ్ఛ మీద సభ పెట్టారు. విద్యార్థి సంఘం పేరెత్తితేనే సస్పెండ్ చేసే మా యాజమాన్యం ఈ సభకు హాలిచ్చి, భోజనాలు కూడా పెట్టింది. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాడు బాగా మాట్లాడాడు. మనిషి బతుకులో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్నాడు. నేనూ చప్పట్లు కొట్టబోయాను.

అంతలో మా విద్యార్థిని కవిత లేచింది. వాళ్లది పాకాల, ఇక్కడ మా కాలేజీ హాస్టల్లో ఉంటోంది.

"అన్నా, పొద్దు గూకకముందే మా హాస్టల్ గేటుకు తాళమేస్తా ఉండారు. మగపిల్లోళ్లకు అదేం లేదు. దీనికేమంటావు?"

అతను ముందు వరుసలో ఉన్న మా కాలేజీ ఓనర్, కరస్పాండెంట్ వైపు చూశాడు. "అది ప్రైవేటు ఆస్తి సిస్టర్, ఓనర్ ఇష్టం. నచ్చకపోతే వేరే చోట చేరొచ్చు."

"యాడ చేరాలన్నా? అన్నిచోట్లా ఇదే కదా!"

సాయంత్రం అమ్మాయిలంతా హాస్టల్లోకి వెళ్లకుండా గేటు బయటే కూర్చున్నారు. నచ్చజెప్పి లోపలికి పంపమని ప్రిన్సిపాల్ నన్ను తోలాడు.

నన్ను చూడగానే కవిత ముఖం ముడుచుకుంది. "మేడం, మీరు ఎవురి తరఫున వచ్చినారు?"

చెప్పినా నమ్మదనిపించింది. చెప్పులు పక్కన విడిచి ఆ పిల్ల పక్కనే కూర్చున్నాను.